షెంజెన్‌లో తొలి 1,500 నగాలు చేయించే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

మాత్రలపెట్టె (చర్చ ప్రారంభించినవారు) రాశారు:

అందరికీ నమస్కారం. నేనూ, నా ఇద్దరు మిత్రులూ హైదరాబాద్‌లో ఉండి, ఒంటరిగా ఉండే పెద్దవారికి వేళకు మాత్రలు గుర్తు చేసే ఒక పెట్టె మీద రెండేళ్లుగా పని చేస్తున్నాము. అందులో ఏడు అరలు ఉంటాయి. వేళ కాగానే ఆ అర దగ్గర దీపం వెలిగి తెలుగులో మాట వినిపిస్తుంది. మూత తెరవకపోతే బ్లూటూత్ ద్వారా ఇంట్లోని ఫోనుకు, అక్కడి నుంచి దూరాన ఉన్న పిల్లలకు కబురు వెళుతుంది. త్రీడీ ప్రింటరు మీద నైలాన్‌తో చేసిన పెట్టెలను నలభై ఇళ్లలో నాలుగు నెలలు వాడి చూశారు. ఇప్పుడు 1,500 నగాలకు కొనుగోలుదారులు సిద్ధంగా ఉన్నారు.

షెంజెన్‌లోని బావోఆన్ ప్రాంతం నుంచి రెండు, హైదరాబాద్ నుంచి ఒకటి ధరల పత్రాలు వచ్చాయి. షెంజెన్ ధర ఇక్కడి ధరలో మూడింట రెండు వంతులే ఉంది. మౌల్డుల (ప్లాస్టిక్ పోసే అచ్చుల) ఖర్చు మొత్తం ముందుగానే చెల్లించాలనీ, సరుకుకు 30 శాతం అడ్వాన్సు ఇవ్వాలనీ, నలభై అయిదు రోజుల్లో పని పూర్తి చేస్తామనీ అంటున్నారు. ఇప్పటి వరకు చేతితో చేసుకున్న మాకు ఇది మొదటి కర్మాగారపు అనుభవం. ఎక్కడ జాగ్రత్త పడాలో, ఈ దారిన నడిచినవారు చెప్పగలరని రాస్తున్నాను.

బావోఆన్ బాటసారి రాశారు:

ముందుగా ఒక ప్రశ్న. ధర అడగడానికి ఆ కంపెనీలకు మీరు పంపిన కాగితాలు ఏమిటి? త్రీడీ ఫైలూ, రెండు ఫొటోలూ పంపి ఉంటే మీ చేతిలో ఉన్నది ధర కాదు, ఒక అంచనా మాత్రమే.

ఒక చిన్న సంస్థ తరఫున నేను ఆరేళ్లు షెంజెన్‌లో, పక్కనే ఉన్న డోంగ్వాన్‌లో కర్మాగారాల చుట్టూ తిరిగాను. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించిన నాటి నుంచి ఆ ఊరు పేర్చుకుంటూ వచ్చినది ఒక్కటే, అన్నీ దగ్గర దగ్గరగా ఉండడం. మౌల్డు చేసేవాడు, స్ప్రింగు చుట్టేవాడు, కేబులు అల్లేవాడు, అట్టపెట్టె అచ్చు వేసేవాడు గంట ప్రయాణంలో దొరుకుతారు. ఉదయం పాడైన భాగానికి హువాచియాంగ్‌బెయ్ బజారులో మధ్యాహ్నానికి బదులు దొరుకుతుంది. కూలి చవక అనుకుని వెళ్లేవారు చాలామంది ఉన్నారు గాని, అక్కడ మనం కొనుక్కునేది నిజానికి ఈ వేగాన్ని.

అదే వేగం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. మీ కాగితంలో మీరు ఖాళీ వదిలిన ప్రతి చోటునూ కర్మాగారం తన సౌలభ్యం కొద్దీ నింపుకుంటుంది, మిమ్మల్ని అడగడానికి ఆగదు. మా పరికరం ఒకదానికి అడుగున నాలుగు మరలు ఉండేవి. వాటి పొడవు, మరచుట్ల కొలత, తల ఆకారం అన్నీ డ్రాయింగులో రాశాము. ఏ లోహమో మాత్రం రాయలేదు. నమూనాలో స్టెయిన్‌లెస్ మరలు వచ్చాయి గనుక సరుకులోనూ అవే వస్తాయని అనుకున్నాము. జింకు పూత వేసిన మామూలు ఉక్కు మరలు వచ్చాయి. కాకినాడలో ఒక్క వానాకాలం గడిచేసరికి ప్రతి పెట్టె కిందా టేబులు మీద నాలుగు తుప్పు చుక్కలు పడ్డాయి. యజమానికి ఫొటోలు చూపిస్తే ఆయన మా డ్రాయింగు తెరిచి, స్టెయిన్‌లెస్ అని ఎక్కడ రాశారో చూపించమని మర్యాదగానే అడిగారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన మోసం చేశాడని నేను ఈనాటికీ అనుకోను.

అక్కడ రోజూ వినిపించే మాటలు రెండు ఉన్నాయి. 'మేయ్ వెన్‌తీ' అంటే ఇబ్బంది లేదని, 'ఛాపుతో' అంటే దాదాపుగా సరిపోతుందని అర్థం. మొదటి మాట వినగానే, ఎలా చేస్తారో చూపించమని అడగండి. రెండో మాట వినగానే కొలత పట్టిక తీయండి.

అందుచేత డబ్బు పంపే ముందు వెళ్లి చూడండి. 2020లో ఆగిపోయిన భారత్, చైనాల నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. కర్మాగారంలో మీ పెట్టె ఎక్కడ తయారవుతుందో ఆ బల్ల దగ్గర నిలబడండి. వ్యాపార లైసెన్సు అడగండి. దాని మీద 18 అక్షరాల నమోదు సంఖ్య, చైనీస్ భాషలో కంపెనీ పేరు, వారు చేయడానికి అనుమతి ఉన్న పనుల వివరం ఉంటాయి. అందులో తయారీ అన్న మాట లేకుండా వర్తకం మాత్రమే ఉంటే, మీరు మాట్లాడుతున్నది మధ్యవర్తితో. మధ్యవర్తి ఉండడం తప్పు కాదు, కొందరు ఎంతో శ్రద్ధగా పని చేస్తారు. కాకపోతే ఆ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి.

ఒప్పందం చైనీస్ భాషలో, అక్కడి న్యాయస్థానం పరిధికి లోబడి ఉండాలి. రహస్యం కాపాడడంతో పాటు మీ డిజైనును వారు సొంతానికి వాడుకోకూడదనీ, మిమ్మల్ని దాటి మీ కొనుగోలుదారులకు అమ్మకూడదనీ అందులో రాయాలి. సంతకం కన్నా కంపెనీ గుండ్రటి ఎర్ర ముద్రకే అక్కడ విలువ ఎక్కువ. మీ బ్రాండు పేరును కూడా ముందే చైనాలో నమోదు చేయించండి, ఎందుకంటే అక్కడ ట్రేడ్‌మార్కు ముందుగా వాడినవారిది కాదు, ముందుగా దరఖాస్తు చేసినవారిది.

బాలానగర్ టూల్‌రూం రాశారు:

బాటసారి గారు చెప్పిన ఖాళీల విషయమే ప్లాస్టిక్ వైపు నుంచి చెబుతాను. మాత్రలపెట్టె గారూ, మీ మూత పెట్టెకు ఎలా కలుస్తుంది? పిన్నుతోనా, లేక పలుచటి మడతతో అంతా ఒకే ముక్కగానా? ధరల పత్రంలో ఏ ప్లాస్టిక్ రాశారు?

మాత్రలపెట్టె రాశారు:

ఒకే ముక్కండి. పలుచటి మడతే. నైలాన్ ప్రింటులో నాలుగు నెలలు ఒక్కటి కూడా విరగలేదు. ధరల పత్రంలో రెండు కంపెనీలూ ఏబీఎస్ అని రాశాయి.

బాలానగర్ టూల్‌రూం రాశారు:

అయితే ఈ ఒక్క విషయం తేలేవరకు దయచేసి ఎవరికీ రూపాయి పంపవద్దు. ఏబీఎస్‌తో పలుచటి మడత నిలవదు. కొన్ని పదుల సార్లు తెరిచి మూసేసరికి మడత తెల్లబడి, ఆ తర్వాత చిట్లుతుంది. మీ పెట్టెను రోజుకు మూడు సార్లు తెరుస్తారు. ఇలాంటి మడతకు పాలీప్రొపిలిన్ వాడాలి. మడత దగ్గర మందం పావు మిల్లీమీటరు నుంచి 0.4 మిల్లీమీటరు లోపు ఉండాలి, కరిగిన ప్లాస్టిక్ ఆ మడతను అడ్డంగా దాటి ప్రవహించేలా గేటు (ప్లాస్టిక్ మౌల్డులోకి దిగే దారి) పెట్టాలి, ముక్క మౌల్డు నుంచి బయటికి వచ్చి వేడిగా ఉండగానే ఒకటి రెండు సార్లు మడవాలి. ఈ మూడూ పాటిస్తే ఏళ్ల తరబడి విరగదు.

మౌల్డు చెక్కిన తర్వాత ప్లాస్టిక్ మారుస్తామంటే కుదరదు. ఏబీఎస్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుంచించుకుంటుంది, పాలీప్రొపిలిన్ ఒకటిన్నర శాతం దాకా కుంచించుకుంటుంది. మీ పెట్టె పొడవు 140 మిల్లీమీటర్లు అనుకుంటే తేడా 1.4 మిల్లీమీటర్లు వస్తుంది. లోపలి సర్క్యూట్ బోర్డు దూరదు, మూత గడియ పడదు. ఆ మౌల్డు పారేసి ఇంకొకటి చేయించవలసిందే. పెట్టె గట్టిగా, నిగనిగలాడుతూ ఉండాలంటే ఏబీఎస్‌నే ఉంచుకుని మూతను విడిగా చేసి ఉక్కు పిన్నుతో కలపండి. పెద్దవారి వణికే చేతులకు పిన్ను మూతే తేలికని నా అభిప్రాయం.

ఇంకొన్ని మాటలు. ఏబీఎస్ అని మాత్రమే రాయకండి. ఏ కంపెనీది, ఏ గ్రేడో రాయండి. ఉదాహరణకు తైవాన్‌కు చెందిన చీమెయ్ వారి పీఏ-757 అక్కడ అందరికీ తెలిసిన గ్రేడు. ముక్కలు చేసి తిరిగి కరిగించిన పాత ప్లాస్టిక్ కలపకూడదని విడిగా రాయండి. మాత్రలు నేరుగా తగిలే లోపలి అరలకు ఆహారానికి పనికివచ్చే రకమే కావాలని చెప్పి, దాని ధ్రువపత్రం అడగండి. 1,500 నగాలకు ఖరీదైన గట్టి ఉక్కు మౌల్డు అక్కరలేదు, పీ20 ఉక్కు ధారాళంగా సరిపోతుంది. గడియ, పిన్ను రంధ్రం వంటి బిగువు తేలవలసిన చోట్ల మొదట ఉక్కును కాస్త మిగిల్చి చెక్కమనండి. మిగిలిన ఉక్కును తర్వాత తీయడం గంటల పని, ఎక్కువ తీసిన ఉక్కును వెల్డింగుతో నింపడం రోజుల పని, పైగా ఆ మచ్చ ప్రతి ముక్క మీదా కనిపిస్తుంది.

మౌల్డు మీ సొత్తని ఒప్పందంలో విడి పేరాగా రాయించండి. మీ సంస్థ పేరును మౌల్డు మీద చెక్కించి ఫొటో తీయించుకోండి. దాని త్రీడీ ఫైళ్లు కూడా మీకు ఇవ్వాలి. తొలి నమూనాలను మీరు ఆమోదించేవరకు మౌల్డు ఖర్చులో సగానికి మించి ఇవ్వకండి. మొత్తం ముందే అడగడం నాకు నచ్చలేదు.

సర్క్యూట్ సాధన రాశారు:

ఎలక్ట్రానిక్స్ వైపు నా అనుభవం ఒకటి. మా పరికరానికి భాగాల జాబితా పంపినప్పుడు ఒక కెపాసిటరుకు (విద్యుత్తును కాస్త నిల్వ ఉంచే భాగానికి) 10 మైక్రోఫారడ్లు, ఆరు వోల్టులు, ఫలానా పరిమాణం అని మాత్రమే రాశాము. నమూనాల్లో ఎక్స్‌7ఆర్ రకం వాడారు. సరుకులో వై5వీ రకం వచ్చింది. రెండూ చూడడానికి ఒకటే, కొలతలూ ఒకటే. ఎక్స్‌7ఆర్ రకం మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా 15 శాతానికి మించి మారదు. వై5వీ రకం చలికీ వేడికీ తన సామర్థ్యంలో 80 శాతం దాకా కోల్పోవచ్చు. ఏసీ గదిలో అన్ని పరీక్షలూ నెగ్గిన పరికరాలు మే నెలలో అనంతపురం మధ్యాహ్నాల్లో వాటంతట అవే ఆగి మళ్లీ మొదలవుతుండేవి. కారణం పట్టుకోవడానికి మాకు ఆరు వారాలు పట్టింది. చివరికి హెయిర్ డ్రయ్యరుతో బోర్డు మీద ఒక్కొక్క భాగాన్నీ వేడి చేస్తూ వెళితే, ఆ కెపాసిటరు దగ్గరకు రాగానే పరికరం ఆగిపోయింది.

కాబట్టి ప్రతి వరుసలో తయారీదారు పేరు, పూర్తి పార్టు నంబరు, మీరు అంగీకరించే ప్రత్యామ్నాయాలు ఉండాలి. మీ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏదీ మార్చకూడదన్న వాక్యం ఉండాలి. 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు ప్రత్యామ్నాయాలు ముందే పరీక్షించి పెట్టుకున్నవారి బోర్డులు నడిచాయి, మిగతావారు చిప్పు దొరికేదాకా కూర్చున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం పరీక్షించే పరికరాన్ని మీరే తయారు చేసి పంపడం. బోర్డు పెట్టి మీట నొక్కగానే స్ప్రింగు సూదులు దాని మీద ఆని, కరెంటు వాడకం, ఏడు దీపాలు, ఏడు మూత స్విచ్చులు, స్పీకరు, బ్లూటూత్ బలం అన్నీ ఒక నిమిషంలో కొలిచి, ఆకుపచ్చో ఎరుపో చూపించాలి. ఫలితం సీరియల్ నంబరుతో సహా మీ సర్వరుకు చేరాలి. మీరు ఏ పరీక్షా ఇవ్వకపోతే దీపం వెలిగిందా లేదా అని మాత్రమే చూసి డబ్బాలో పెడతారు.

ఇక్కడి పక్షం రాశారు:

నాకు మొదటి ప్రశ్న దగ్గరే అభ్యంతరం ఉంది. 1,500 నగాల కోసం అసలు దేశం ఎందుకు దాటాలి? బాలానగర్‌లో 1968 నుంచి కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ ఉంది, దాని చుట్టూ టూల్‌రూములు (మౌల్డులు చెక్కే పనిశాలలు) ఉన్నాయి. నమూనాల కోసం హైదరాబాద్‌లోనే 2023లో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం మొదలైంది. తప్పు జరిగితే బైకు మీద వెళ్లి చూసుకోవచ్చు, తెలుగులో మాట్లాడుకోవచ్చు. పైగా విధానాలు ఎప్పుడు మారతాయో తెలియదు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాలనూ, వాటితో చేసే అయస్కాంతాలనూ లైసెన్సు లేకుండా ఎగుమతి చేయరాదని ప్రకటించినప్పుడు మన దేశంలోని వాహన పరిశ్రమ ఎంత ఇబ్బంది పడిందో చూశాము. తొలి అడుగే ఇంకొకరి తలుపు మీద ఆధారపడి వేయడం నాకు బాధగా ఉంది.

బావోఆన్ బాటసారి రాశారు:

ఇక్కడి పక్షం గారి బాధ న్యాయమైనది. అయితే ఇక్కడ బోర్డు చేయించినా దాని మీది చిప్పులు, స్పీకరు, బ్యాటరీ సెల్లు చాలావరకు విదేశాల నుంచే వస్తాయి. నేను చూసేది ఆ పొలిమేరను కాదు, డిజైను ఎంత స్థిరపడిందన్నది. ఈ చర్చ మొదలైన రోజే మడత గురించిన ప్రశ్నకు మాత్రలపెట్టె గారి డిజైను ఇంకా కదులుతోందని తేలిపోయింది. కదిలే డిజైనును మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా అవతల పెట్టి నడపడం చాలా ఖర్చుతో కూడిన పని. కనుక మొదటి 200 నగాలు ఇక్కడే, చవకైన అల్యూమినియం మౌల్డుతో చేయించి, ఇళ్లలో పెట్టి, తప్పులన్నీ బయటపడ్డాక షెంజెన్ వెళ్లమనడమే నా సలహా కూడా.

రేవు వ్యవహారాలు రాశారు:

చెన్నైలో కస్టమ్స్ బ్రోకరుగా పని చేస్తున్నాను. ధరల పోలికలో దిగుమతి ఖర్చు కలిపారా? ఉదాహరణకు బీమా, రవాణాతో కలిపి రేవుకు చేరిన విలువ వెయ్యి రూపాయలు, మౌలిక సుంకం 10 శాతం అనుకుందాం. సుంకం 100, దాని మీద పదో వంతు సర్‌చార్జీ 10, ఈ మొత్తం 1,110 మీద 18 శాతం ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ) 199.80. అంటే దాదాపు 310 రూపాయలు అదనం. ఐజీఎస్‌టీ తర్వాత మీ జీఎస్‌టీ ఖాతాలో సర్దుబాటు అవుతుంది గాని, సరుకు అమ్ముడుపోయేదాకా ఆ డబ్బు మీ జేబులోంచి వెళ్లి కూర్చున్నట్టే. అసలు సుంకం ఎంతో మీ వస్తువు హెచ్‌ఎస్‌ఎన్ కోడును (వస్తువు ఏ రకమో చెప్పే అంకెలను) బట్టి తేలుతుంది, దాన్ని ఆర్డరుకు ముందే బ్రోకరుతో తేల్చుకోండి.

బ్లూటూత్ ఉంది గనుక టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ అనే వైర్‌లెస్ విభాగం నుంచి ఈటీఏ (పరికరానికి ఆమోదం) కావాలి. లిథియం బ్యాటరీ ఐఎస్ 16046 అనే ప్రమాణం ప్రకారం బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు పొందినదై ఉండాలి. ఈ నమోదు ఫలానా చిరునామాలోని ఫలానా కర్మాగారానికే చెల్లుతుంది. మధ్యలో బ్యాటరీ సరఫరాదారును మార్చితే పాత నంబరు పనికిరాదు. బ్యాటరీకి యూఎన్ 38.3 అనే రవాణా భద్రత పరీక్ష సారాంశం లేకుండా విమాన సంస్థ సరుకు ముట్టుకోదు. ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతిదారుల కోడు) తీసుకోండి, బ్యాంకు అడ్వాన్సు పంపే ముందు అడుగుతుంది.

అట్లాంటా అనుభవం రాశారు:

డబ్బు గురించి ఒక మాట. అమెరికాలో 2014లో కూలెస్ట్ కూలర్ అనే ఐస్ పెట్టెకు కిక్‌స్టార్టర్ అనే విరాళ వెబ్‌సైటులో 62 వేల మందికి పైగా కలిసి 1.3 కోట్ల డాలర్లకు మించి ముందే చెల్లించారు. తయారీ చైనాలో. పెట్టెలోని మిక్సీకి మోటారు చేసే కర్మాగారంలో సమ్మె వచ్చింది, ఆలస్యం పెరిగింది, ఒక్కొక్క పెట్టె ఖర్చు తీసుకున్న ధరను దాటిపోయింది. 2019 డిసెంబరులో సంస్థ మూతపడేనాటికి వేలమందికి పెట్టె అందలేదు. వస్తువు బాగుంది, కొనేవారూ ఉన్నారు, లెక్కలోనే పొరపాటు జరిగింది. మీ ధర నిర్ణయించేటప్పుడు పాడైపోయే నగాలు, వారంటీలో మార్చి ఇచ్చేవి, రెండోసారి మౌల్డు సవరణ, అడ్వాన్సు ఇచ్చిన నాటి నుంచి మీకు డబ్బు వచ్చేదాకా గడిచే నెలల వడ్డీ, ఇవన్నీ కలపండి.

బావోఆన్ బాటసారి రాశారు:

తనిఖీ గురించి రాయడం మరిచిపోయాను. చివరి నమూనాలు మూడింటిని ఇద్దరూ సంతకం చేసి, సీలు వేసి, ఒకటి కర్మాగారంలో, రెండు మీ దగ్గర ఉంచండి. ఐఎస్‌ఓ 2859-1 పట్టిక (ఎన్ని నగాలు తీసి చూడాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం 1,500 నగాల లాటులో సాధారణ రెండవ స్థాయికి 125 నగాలు తీసి చూస్తారు. పెద్ద లోపాలకు 2.5 స్థాయి (ఎన్ని లోపాలు సహించవచ్చో ఆ పట్టికలో చెప్పే అంకె) పెట్టుకుంటే ఏడు దాకా ఒప్పుకోవచ్చు, ఎనిమిదోది దొరికితే లాటు మొత్తం తిరస్కరించాలి. ఏది పెద్ద లోపం, ఏది చిన్నదన్నది ఫొటోలతో ముందే రాసుకోండి. గీత పడితే చిన్నది, వేళకు మోగకపోతే అది మందు వేసుకునే మనిషి ప్రాణానికి సంబంధించినది గనుక ఒక్కటి కూడా ఒప్పుకోకూడదు. మిగిలిన 70 శాతం ఈ తనిఖీ నెగ్గిన తర్వాత, సరుకు కదలక ముందు ఇవ్వండి.

నలభై అయిదు రోజుల లెక్కలో చైనా నూతన సంవత్సరం ఉందేమో చూడండి. 2027లో అది ఫిబ్రవరి 6న వస్తుంది. అంతకు ముందు రెండు వారాల నుంచే పనివారు సొంత ఊళ్లకు బయలుదేరతారు, కొందరు తిరిగి రారు, పండుగ తర్వాతి తొలి వారాల సరుకు కొత్త చేతుల మీదుగా వస్తుంది.

మాత్రలపెట్టె రాశారు:

ఇంత వివరంగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మూతను పిన్నుతో మార్చాము. మొదటి 200 నగాలు బాలానగర్‌లో అల్యూమినియం మౌల్డుతో చేయించాము. వాటిలో రెండు పొరపాట్లు బయటపడ్డాయి. గడియ వేలికి గట్టిగా తగలడం ఒకటి, స్పీకరు రంధ్రాల్లో మాత్రల పొడి చేరడం రెండోది. రెండూ సరిచేసి, పోయిన నెల బావోఆన్ వెళ్లి రెండో కంపెనీతో ఒప్పందం చేసుకున్నాము. మొదటి కంపెనీ ఇచ్చిన చిరునామాలో కర్మాగారం లేదు, ఒక చిన్న కార్యాలయం మాత్రమే ఉంది.

ఇప్పుడు ఒక తక్షణ సందేహం. అడ్వాన్సు రేపు పంపాలి. ఈ ఉదయం వారి అమ్మకాల ప్రతినిధి నుంచి మెయిల్ వచ్చింది. ఆడిట్ జరుగుతున్నందున పాత ఖాతాకు కాకుండా హాంగ్‌కాంగ్‌లోని వేరే ఖాతాకు పంపమన్నారు. ఖాతా ఒక వ్యక్తి పేరు మీద ఉంది. ఇది మామూలేనా?

బావోఆన్ బాటసారి రాశారు:

పంపకండి. ఆ మెయిల్‌కు జవాబు కూడా ఇవ్వకండి. మీరు అక్కడికి వెళ్లినప్పుడు చేతికి ఇచ్చిన కార్డు మీది నంబరుకు ఫోను చేసి, వీడియోలో యజమాని ముఖం చూసి అడగండి. డబ్బు వెళ్లే ఖాతా పేరు, వ్యాపార లైసెన్సు మీది చైనీస్ పేరు, ఒప్పందం మీది ఎర్ర ముద్రలోని పేరు మూడూ ఒక్కటే అయి ఉండాలి.

మాత్రలపెట్టె రాశారు:

ఇప్పుడే వీచాట్‌లో వీడియో కాల్ చేసి మాట్లాడాను. అలాంటి మెయిల్ ఏదీ తాము పంపలేదని చెప్పారు. మళ్లీ చూస్తే చిరునామాలో ఒక అక్షరం తేడా ఉంది, కంపెనీ పేరులోని ఎల్ అక్షరం స్థానంలో ఒకటి అంకె ఉంది. ఒప్పందంలో రాసిన ఖాతాకే రేపు ఉదయం బ్యాంకుకు వెళ్లి పంపుతున్నాను. తొలి నమూనాలు చేతికి రాగానే కొలతల పట్టికతో సహా ఇక్కడ పెడతాను.